థాయ్‌లాండ్‌లో కాండో కొని నివసించాలంటే: వరుస తప్పకుండా చేయవలసిన పనులు

హైదరాబాదులో విమానం ఎక్కితే నాలుగు గంటల లోపే బ్యాంకాక్‌లో దిగుతాం. పదవీ విరమణ తరువాత ఏడాదిలో కొన్ని నెలలు సముద్రతీరంలో గడపాలనుకునేవారూ, పొదుపులో కొంత భాగాన్ని రూపాయికి వెలుపల ఉంచాలనుకునేవారూ థాయ్‌లాండ్ వైపు చూడటానికి ఆ దగ్గరితనం ఒక కారణం. హైదరాబాదు, బెంగళూరు నగరాలతో పోల్చుకున్నప్పుడు అక్కడ కాండోలు అని పిలిచే ఫ్లాట్ల ధరలు అందుబాటులో కనిపించడం మరొక కారణం. అయితే ఇలా ఆలోచించేవారు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ధర గురించే ఉంటుంది. అడగవలసిన మొదటి ప్రశ్న అది కాదు. డబ్బు చెల్లించిన తరువాత ఏ పత్రం మీద, ఏ హక్కుతో మీ పేరు ఎక్కుతుందో ముందుగా తెలియాలి. ఆ డబ్బు ఏ దారిన అక్కడికి చేరిందో చూపడానికి కాగితం ఉండాలి. ఈ రెండూ సరిగ్గా ఉంటే మిగతా చిక్కులు ఎలాగో సర్దుకుంటాయి, వీటిలో ఒక్కటి తప్పినా తరువాత సరిదిద్దడం చాలా కష్టం. అందుకే కింది పనులను చెప్పిన వరుసలోనే చేయమని నా మనవి.

ముందు అద్దెకు ఉండండి, అదీ వానాకాలంలో

కొనడానికి ముందు కనీసం రెండు మూడు నెలలు అక్కడ అద్దెకు ఉండాలి. డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్తే ప్రతి ఊరూ స్వర్గంలాగే కనిపిస్తుంది, ఆ నెలల్లో చూసి తీసుకున్న నిర్ణయం మీద నాకు నమ్మకం లేదు. మీరు కొనదలచిన ఊరు దాని కష్టకాలంలో ఎలా ఉంటుందో చూడాలి, ఆ కష్టకాలం ఊరిని బట్టి మారుతుంది. అండమాన్ సముద్రం వైపున్న ఫుకెట్‌లో మే నుంచి అక్టోబరు దాకా వానలు, అలలు ఎక్కువ. ఆ నెలల్లో కొన్ని తీరాల వద్ద సముద్రంలోకి దిగవద్దని ఎర్రజెండాలు పాతుతారు. థాయ్ సింధుశాఖలోని సమూయ్ ద్వీపానికి మాత్రం నెల్లూరు, చెన్నై తీరాలకు లాగే ఈశాన్య రుతుపవనాల వాన, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముమ్మరం. ఉత్తరాన కొండల మధ్య ఉన్న చియాంగ్ మాయ్‌లో వానకన్నా పొగ పెద్ద సమస్య. పొలాల్లో మోళ్లను తగలబెట్టడం, అడవుల్లో చెలరేగే మంటల వల్ల ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గాలిలో సూక్ష్మధూళి ప్రమాదకర స్థాయికి చేరుతుంది. ఆస్తమా ఉన్నవారు మార్చి నెలను అక్కడ గడిపి చూడకుండా ఆ ఊళ్లో ఇల్లు కొనకూడదు.

బ్యాంకాక్ విషయంలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. 2011లో వచ్చిన మహావరదలో నగరపు ఉత్తర శివార్లు, పశ్చిమ శివార్లు వారాల తరబడి నీటిలో ఉన్నాయి. అందువల్ల ఆ ప్రాంతాల్లో చూసే భవనం దగ్గర అప్పుడు నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో ఇరుగుపొరుగువారిని, కాపలావారిని అడగాలి. 2025 మార్చి 28న మయన్మార్‌లో మాండలే సమీపంలో వచ్చిన 7.7 తీవ్రత భూకంపం దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలోని బ్యాంకాక్ ఎత్తయిన భవనాలను ఊపేసింది. నిర్మాణంలో ఉన్న ఒక ప్రభుత్వ భవనం పూర్తిగా కూలిపోయింది. నగరం మెత్తటి బంకమట్టి మీద ఉండటం వల్ల దూరపు ప్రకంపనలు కూడా అక్కడ పెరిగి తగులుతాయి. కాబట్టి పాత భవనంలో కొనేటప్పుడు ఆ భూకంపం తరువాత ఇంజనీర్లు చేసిన తనిఖీ నివేదిక చూపమని భవన నిర్వహణ కార్యాలయాన్ని అడగండి. చూపడానికి వెనకాడితే అక్కడితో ఆగిపోవడం మంచిది.

అద్దెకు తీసుకునేటప్పుడు సాధారణంగా రెండు నెలల డిపాజిట్, ఒక నెల అద్దె ముందుగా అడుగుతారు. ఆ రెండు మూడు నెలల్లో మార్కెట్టుకు నడిచి వెళ్లండి, ఆసుపత్రికి వెళ్లడానికి ఎంత సమయం పడుతుందో రద్దీ వేళల్లో చూసుకోండి, కరెంటు బిల్లు స్వయంగా కట్టండి. శాకాహారులైతే చేపల సాస్, రొయ్యల ముద్ద లేని వంట దొరకడం ఎంత కష్టమో కూడా అప్పుడే తెలుస్తుంది. 'జే' అన్న థాయ్ మాట ఎర్రటి రాతతో పసుపు జెండాల మీద కనిపించే దుకాణాల్లో మాంసం, చేప, గుడ్డుతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. బ్యాంకాక్‌లో ఉండేవారికి పాహురత్ బజారులో మన పప్పులు, మసాలాలు దొరుకుతాయి, చిన్న ఊళ్లలో ఆ సౌకర్యం ఉండదు.

వీసాను, ఆస్తిని వేరువేరుగా ఆలోచించండి

కాండో కొన్నంత మాత్రాన ఆ దేశంలో ఉండే హక్కు రాదు. అమ్మేవారు ఈ రెండింటినీ కలిపి మాట్లాడతారు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పవలసి వస్తోంది. 50 ఏళ్లు దాటినవారికి పదవీ విరమణ వీసా దారి ఉంది. దానికి థాయ్ బ్యాంకులో 8 లక్షల బాట్ల (బాట్ అక్కడి కరెన్సీ) నిల్వ గానీ, నెలకు 65 వేల బాట్ల ఆదాయం గానీ చూపాలి, ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. దూరంనుంచి పనిచేసేవారి కోసం 2024 జులైలో ఐదేళ్ల వీసా ఒకటి మొదలైంది. దానికి 5 లక్షల బాట్ల నిధులు చూపాలి, ఒక్కో ప్రవేశానికి 180 రోజులు ఉండనిస్తారు. 2022 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న పదేళ్ల దీర్ఘకాలిక వీసా సంపన్నులు, ఉన్నత స్థాయి నిపుణుల కోసం ఉద్దేశించినది. వీసా నిబంధనలు తరచుగా మారుతుంటాయి. దరఖాస్తు చేసే రోజున థాయ్ రాయబార కార్యాలయం చెప్పే మాటే చెల్లుతుంది.

ఉండటం మొదలుపెట్టాక రెండు విధులు మరిచిపోకూడదు. విదేశీయుడు ఒక ఇంట్లో దిగిన 24 గంటల్లోగా ఆ ఇంటి యజమాని ఇమ్మిగ్రేషన్ వారికి టీఎం 30 అనే సమాచార పత్రం ఇవ్వాలి. అద్దె ఇంట్లో ఉన్నప్పుడు అది యజమాని బాధ్యత, మీ సొంత కాండోలో మీరు ఉన్నప్పుడు, మీ ఇంటికి విదేశీ అద్దెదారు వచ్చినప్పుడు అది మీ బాధ్యత అవుతుంది. వరుసగా 90 రోజులు దేశంలో ఉన్నవారు తమ చిరునామా తెలియజేయాలి. వీసా పొడిగింపుకు వెళ్లినప్పుడు ఈ కాగితాలు లేకపోతే పని ఆగిపోతుంది.

మీ పేరున రాగలిగింది ఏమిటి

ఇక అసలు విషయానికి వద్దాం. 1954 నాటి భూమి చట్టం ప్రకారం విదేశీయుడు థాయ్‌లాండ్‌లో భూమిని సొంతం చేసుకోలేడు. 4 కోట్ల బాట్లు నిర్దేశించిన రంగాల్లో పెట్టుబడి పెట్టి, మంత్రిత్వ శాఖ అనుమతితో నివాసానికి ఒక 'రాయ్' దాకా పొందే మినహాయింపు ఒకటి ఉంది గానీ, సామాన్యులకు అది ఉపయోగపడేది కాదు. ఒక రాయ్ అంటే 1,600 చదరపు మీటర్లు, మన ఎకరంలో సుమారు రెండున్నర రాయ్‌లు ఉంటాయి. స్థలాల ధరలు 'తలాంగ్ వా' లెక్కన చెబుతారు, ఒక తలాంగ్ వా నాలుగు చదరపు మీటర్లు, అంటే సుమారు 4.8 గజాలు. గజం ధర అనుకొని పొరబడితే లెక్క ఐదు రెట్లు తప్పుతుంది.

విదేశీయుడు పూర్తి యాజమాన్య హక్కుతో కొనగలిగింది కాండో మాత్రమే. 1979 నాటి కాండోమినియం చట్టం ప్రకారం ఒక భవనంలోని మొత్తం యూనిట్ల విస్తీర్ణంలో 49 శాతం దాకా విదేశీయుల పేరున ఉండవచ్చు. ఈ వాటాను 75 శాతానికి పెంచాలనీ, లీజు కాలాన్ని 99 ఏళ్లకు పెంచాలనీ 2024లో ప్రభుత్వ స్థాయిలో ప్రతిపాదన వచ్చింది. ప్రతిపాదనను చట్టంగా చెప్పి అమ్మేవారి మాటను లెక్కలోకి తీసుకోకండి. మీరు చూసే యూనిట్ ఆ 49 శాతంలో ఉందో, ఆ కోటా అప్పటికే నిండిపోయిందో భవన నిర్వహణ సంస్థ ఇచ్చే లేఖలో తెలుస్తుంది. బదిలీ రోజున ల్యాండ్ ఆఫీసు (ఆస్తులను నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం) ఎలాగూ ఆ లేఖ అడుగుతుంది కాబట్టి, బయానా ఇవ్వకముందే అడిగి తీసుకోవడంలో తప్పేమీ లేదు.

విల్లా కావాలనుకునేవారికి సాధారణంగా చూపే దారి 30 ఏళ్ల లీజు. పౌర, వాణిజ్య స్మృతి ప్రకారం లీజు గరిష్ఠ కాలం 30 ఏళ్లు. మూడేళ్లు మించిన లీజును ల్యాండ్ ఆఫీసులో నమోదు చేస్తేనే అది మూడేళ్ల తరువాత కూడా చెల్లుతుంది. ప్రకటనల్లో 'ముప్పై, ముప్పై, ముప్పై' అని 90 ఏళ్లుగా చూపేది నిజానికి మొదటి 30 ఏళ్ల హక్కు, దానికి జోడించిన రెండు వాగ్దానాలు మాత్రమే. భూమి చేతులు మారితే కొత్త యజమాని ఆ వాగ్దానానికి కట్టుబడి ఉండాలని చెప్పలేం. పైగా థాయ్ న్యాయశాస్త్రంలో లీజు వ్యక్తిగతమైన హక్కు, ఒప్పందంలో వేరే ఏర్పాటు లేకపోతే అద్దెదారు మరణంతో అది ముగుస్తుంది. తొంభై ఏళ్ల ధర చెల్లించి ముప్పై ఏళ్ల హక్కు కొనడం ఇష్టమైతే తప్ప ఈ పద్ధతికి పోవద్దనే నా సలహా.

మూడో దారి గురించి మరింత స్పష్టంగా చెప్పాలి. థాయ్ పౌరులను పేరుకు వాటాదారులుగా పెట్టి కంపెనీ స్థాపించి, ఆ కంపెనీ పేరున భూమి కొనిపించే పద్ధతి ఒకటి ఏళ్ల తరబడి నడుస్తోంది. మన ఊళ్లలో బినామీ అంటే ఏమిటో తెలిసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. అది అక్కడ నేరం, జైలుశిక్షకు కూడా అవకాశం ఉంది, భూమిని గడువులోగా అమ్మేయమని అధికారులు ఆదేశించగలరు. భారతదేశం నుంచి చూసినా, స్థిరాస్తి క్రయవిక్రయాలే పనిగా ఉన్న విదేశీ సంస్థలో ప్రత్యక్ష పెట్టుబడిని 2022 నాటి మన విదేశీ పెట్టుబడుల నిబంధనలు అనుమతించవు. రెండు దేశాల చట్టాలూ మూసిన తలుపును ఎవరో పరిచయస్తుడు తెరిచి చూపిస్తే లోపలికి వెళ్లకండి.

డబ్బు ఏ దారిన వెళ్లాలి

భారత నివాసి విదేశంలో ఇల్లు కొనడానికి రిజర్వు బ్యాంకు వారి సరళీకృత విదేశీ చెల్లింపుల పథకం ప్రధానమైన దారి. దాని కింద ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు. భార్యాభర్తలు తమ పరిమితులను కలుపుకోవచ్చు గానీ, అలా కలిపినప్పుడు ఇద్దరూ ఆ ఆస్తికి సహయజమానులుగా ఉండాలి. భర్త పేరున కాండో కొని భార్య పరిమితిలోంచి డబ్బు పంపడం కుదరదు. ఈ పథకం కింద పెట్టుబడి తరహా చెల్లింపులకు మన బ్యాంకులు అప్పు ఇవ్వకూడదు. అక్కడి నిర్మాణ సంస్థ ఇచ్చే అప్పు కూడా విదేశంలో రుణం తీసుకోవడమే అవుతుంది, దానికి భారత నివాసికి సాధారణ అనుమతి లేదు. భవనం అప్పగించిన తరువాత కూడా కొన్నేళ్ల పాటు వాయిదాలు కట్టే పథకాలు ఈ రుణం అనే చిక్కులో పడతాయి కాబట్టి, సంతకం చేయకముందే మీ బ్యాంకు విదేశీ మారక విభాగం నుంచి రాతపూర్వకంగా సమాధానం తెప్పించుకోండి. బుకింగ్ మొత్తాన్ని క్రెడిట్ కార్డుతో కట్టమంటే ఒప్పుకోకండి.

విదేశానికి డబ్బు పంపడానికి బ్యాంకులో ఏ2 ఫారం నింపేటప్పుడు విదేశీ స్థిరాస్తి కొనుగోలుకు కేటాయించిన ప్రయోజన సంకేతాన్నే ఎంచుకోవాలి. బంధువుల పోషణ, బహుమతి అని రాసి పంపిన డబ్బుతో ఆస్తి కొన్నవారు తరువాత రెండు దేశాల్లోనూ వివరణ ఇచ్చుకోవలసి వస్తుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం ముందస్తు పన్నును, అంటే టీసీఎస్‌ను బ్యాంకు వసూలు చేస్తుంది. ఉదాహరణకు 80 లక్షలు పంపితే 70 లక్షల మీద 14 లక్షలు చేతిలో అదనంగా ఉండాలి. అది ఖర్చు కాదు, రిటర్నులో సర్దుబాటు అవుతుంది, జీతగాళ్లు యజమానికి తెలిపి జీతం మీద కోసే పన్నులో కూడా తగ్గించుకోవచ్చు. అయినా అంత సొమ్ము కొన్ని నెలలు కదలకుండా ఉంటుంది కాబట్టి బడ్జెట్టులో ముందే చేర్చాలి. పంపిన డబ్బు 180 రోజుల్లోగా వినియోగం కాకపోతే తిరిగి తెప్పించాలన్న నిబంధన కూడా ఉంది. కాబట్టి కట్టుబడి మొదలే కాని ప్రాజెక్టు కోసం మొత్తం సొమ్ము ముందే పంపి థాయ్ ఖాతాలో ఉంచుకోవద్దు.

ఇప్పుడు అతి ముఖ్యమైన జాగ్రత్త. డబ్బును డాలర్లలో గానీ మరో విదేశీ కరెన్సీలో గానీ పంపాలి, బాట్లుగా మార్చే పని థాయ్‌లాండ్‌లోని బ్యాంకులోనే జరగాలి. హైదరాబాదులోనే బాట్లుగా మార్చి పంపితే, విదేశీ మారకం దేశంలోకి వచ్చిందన్న రుజువు దొరకదు, ఆ రుజువు లేకుండా ల్యాండ్ ఆఫీసు విదేశీయుడి పేరున కాండోను నమోదు చేయదు. చెల్లింపు వివరాల్లో 'కాండో కొనుగోలు కోసం' అన్న మాట, ప్రాజెక్టు పేరు, యూనిట్ సంఖ్య, పాస్‌పోర్టులో ఉన్నట్లే కొనేవారి పూర్తి పేరు ఉండాలి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకచోట పొడిగా, మరోచోట పూర్తిగా ఉండటం మామూలే కాబట్టి ఈ ఒక్క విషయంలో అక్షరం అక్షరం సరిచూసుకోండి. 50,000 డాలర్లు, అంతకు మించిన ప్రతి చెల్లింపుకు థాయ్ బ్యాంకు 'ఎఫ్ఈటీ ఫారం' అనే విదేశీ మారక లావాదేవీ పత్రం ఇస్తుంది. తక్కువ మొత్తాలకు జమ ధ్రువీకరణ లేఖ ఇస్తుంది. ఈ పత్రాల మొత్తం కొనుగోలు ధరకు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. ఈ కాగితాలు అమ్మే రోజున కూడా కావాలి: సొమ్మును తిరిగి దేశం దాటించేటప్పుడు థాయ్ బ్యాంకు అడిగేది వీటినే.

గల్ఫ్‌లో, అమెరికాలో ఉండే ప్రవాసులు అక్కడి సంపాదన నుంచే చెల్లిస్తే పైన చెప్పిన భారతీయ పరిమితులు వర్తించవు. ప్రవాసిగా ఉన్నప్పుడు కొన్న ఆస్తిని స్వదేశానికి తిరిగి వచ్చాక కూడా ఉంచుకోవడానికి 1999 నాటి ఫెమా (విదేశీ మారక నిర్వహణ) చట్టం ఆరో సెక్షన్ అవకాశం ఇస్తుంది. ఎఫ్ఈటీ ఫారం నియమం మాత్రం వారికీ ఒక్కటే.

పత్రాన్ని చదవడం, చదివించడం

థాయ్ పత్రాల మీద సంవత్సరం బౌద్ధ శకంలో ఉంటుంది. అందులోంచి 543 తీసివేస్తే మన లెక్క వస్తుంది, 2567 అంటే 2024. కాండో యూనిట్‌కు ఉండే యాజమాన్య పత్రాన్ని 'ఓ చో 2' అంటారు. దాని వెనుక భాగంలో ఇంతవరకు జరిగిన బదిలీలు, తనఖాలు వరుసగా నమోదై ఉంటాయి. మన దగ్గర ఈసీ తీయించి ముప్పై ఏళ్ల లావాదేవీలు వెతికే పని అక్కడ చాలావరకు ఈ ఒక్క పత్రంలోనే జరుగుతుంది, అయితే అమ్మేవారు చూపించే నకలును నమ్మకుండా ల్యాండ్ ఆఫీసులోని ప్రతితో మీ న్యాయవాది పోల్చి చూడాలి.

భవనం నిలిచిన భూమి పత్రాన్ని కూడా చూడాలి. భూమి పత్రాల్లో అన్నిటికన్నా బలమైనది చనోట్, దాని తలపై ఎర్రటి గరుడ ముద్ర ఉంటుంది, హద్దులు సర్వేతో తేలి ఉంటాయి. ఆకుపచ్చ గరుడ ముద్ర ఉన్న 'నో సో 3 కో' దాని తరువాతి స్థాయిది. 'సో పో కో 4-01' అని రాసి ఉన్నది వ్యవసాయ భూ సంస్కరణల కింద రైతులకు ఇచ్చిన భూమి. మన అసైన్డ్ భూముల్లాగే దాన్ని బయటివారికి అమ్మే వీలు లేదు. ద్వీపాల్లో విల్లాలు చూసేటప్పుడు ఈ తేడా తెలియక మోసపోయే ప్రమాదం ఎక్కువ.

ఇంకా కట్టని ప్రాజెక్టులో కొంటున్నట్లయితే పర్యావరణ ప్రభావ అంచనాకు ఆమోదం వచ్చిందో లేదో అడగండి. 80 యూనిట్లు, లేదా 4,000 చదరపు మీటర్ల విస్తీర్ణం ఉన్న నివాస భవనాలకు ఆ ఆమోదం తప్పనిసరి, అది రాకముందే బుకింగులు తీసుకునే సంస్థలు ఉన్నాయి. విస్తీర్ణం విషయంలో ఒక మేలు ఉంది: మన దగ్గరిలా మెట్లు, లిఫ్టు, కారిడార్ కలిపి సూపర్ బిల్ట్అప్ అని చెప్పకుండా, అక్కడి పత్రంలో యూనిట్ లోపలి కొలత, బాల్కనీ మాత్రమే ఉంటాయి. 40 చదరపు మీటర్లు అంటే సుమారు 430 చదరపు అడుగుల వాడుకోదగిన చోటు.

న్యాయవాదిని మీరే వెతుక్కోవాలి. అమ్మే సంస్థ ఉచితంగా ఏర్పాటు చేసే న్యాయవాది మీ తరఫు మనిషి కాడు. ఒప్పందం రెండు భాషల్లో ఉంటే ఏ ప్రతి చెల్లుతుందో అందులో రాసి ఉంటుంది, సాధారణంగా థాయ్ ప్రతే చెల్లుతుంది. కాబట్టి ఇంగ్లిషు ప్రతి చదివి తృప్తి పడకుండా థాయ్ ప్రతిలోని షరతులను మీ న్యాయవాది చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. బయానా ఏ సందర్భంలో తిరిగి వస్తుంది, విదేశీ కోటా లేదని తేలితే ఏమవుతుంది, అప్పగింత ఆలస్యమైతే పరిహారం ఎంత అన్న మూడు విషయాలు ఒప్పందంలో లేకపోతే చేర్పించాలి.

బదిలీ రోజు

అక్కడ అమ్మకం ల్యాండ్ ఆఫీసులో నమోదు అయినప్పుడే పూర్తవుతుంది. మన దగ్గర అగ్రిమెంటు, జీపీఏ పెట్టుకొని ఏళ్లు గడిపే అలవాటు ఉన్నవారు ఆ అలవాటును విమానాశ్రయంలోనే వదిలి వెళ్లాలి. ఆ రోజున పాస్‌పోర్టు, ఎఫ్ఈటీ పత్రాలు, విదేశీ కోటా లేఖ, పాత యజమాని నిర్వహణ రుసుములు బాకీ లేడన్న లేఖ తీసుకెళ్లాలి. మీరు స్వయంగా వెళ్లలేకపోతే ల్యాండ్ ఆఫీసు వారి నమూనాలోనే అధికారపత్రం రాసి, భారతదేశంలో నోటరీ చేయించి, థాయ్ దౌత్య కార్యాలయంలో ధ్రువీకరించుకోవాలి. తెలుగువారికి దగ్గరిది చెన్నైలోని కాన్సులేట్. వీలైనంతవరకు స్వయంగా వెళ్లడమే మేలు.

బదిలీ రుసుము ప్రభుత్వ మదింపు విలువపై 2 శాతం, దాన్ని చెరి సగం పంచుకోవడం వాడుక. అమ్మేవారు ఐదేళ్లలోపు అమ్ముతుంటే 3.3 శాతం ప్రత్యేక వ్యాపార పన్ను, లేకపోతే 0.5 శాతం స్టాంపు సుంకం పడుతుంది, ఇవి కాక ముందస్తుగా కోసే ఆదాయపు పన్ను ఉంటుంది. వీటిని ఎవరు భరించాలో ఒప్పందంలో ముందే రాసుకోవాలి. ప్రభుత్వం అప్పుడప్పుడు ప్రకటించే 0.01 శాతం రాయితీ రుసుము థాయ్ పౌరుల కోసం, దాన్ని చూసి మీ ఖర్చు లెక్కించుకోకండి.

వేడి, తేమ, ఉప్పుగాలి

ఇల్లు చేతికి వచ్చాక వాతావరణంతో పని మొదలవుతుంది. ఏడాదిలో మూడు నెలలే ఉండి, మిగతా తొమ్మిది నెలలు తలుపులు మూసి ఉంచిన కాండోలో పరుపులకు, చెక్క అలమరాలకు, తోలు వస్తువులకు బూజు పడుతుంది. నమ్మకమైన మనిషి చేత పదిహేను రోజులకొకసారి తలుపులు తెరిపించడం, ఏసీని తేమ లాగే పద్ధతిలో కొంతసేపు నడిపించడం, నల్లాలు వదిలి డ్రైన్లలో నీరు నిలిచేలా చూడటం తప్పదు. సముద్రానికి దగ్గరగా ఉన్న భవనాల్లో ఏసీ బయటి యూనిట్, కిటికీల ఇనుప భాగాలు ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడతాయి. కొనేముందు ఒక పెద్ద వాన కురిసిన మరునాడు వెళ్లి కిటికీల అంచులు, బాల్కనీ గుమ్మం, పైకప్పు మూలలు చేత్తో తడిమి చూడండి. పడమటి ముఖంగా పెద్ద అద్దాలు ఉన్న గది సాయంత్రాలు కొలిమిలా ఉంటుంది, ఆ వేడికి కట్టే కరెంటు బిల్లు ప్రతి నెలా వస్తుంది.

నెలవారీ నిర్వహణ రుసుమును చదరపు మీటరు లెక్కన వసూలు చేస్తారు, కొనేటప్పుడు భవనపు పెద్ద మరమ్మతుల కోసం ఉంచే సింకింగ్ ఫండ్ ఒకసారి చెల్లించాలి. నేను ఈత కొలను అందం కన్నా నిర్వహణ సంస్థ జమాఖర్చులను ఎక్కువ శ్రద్ధగా చూడమంటాను. రుసుములు సగంమంది కట్టని భవనంలో పదేళ్లకు లిఫ్టులు ఆగుతాయి, రంగులు వెలుస్తాయి, అమ్మబోతే కొనేవారు ఉండరు.

అద్దెకు ఇవ్వాలనుకుంటే

చాలామంది లెక్క ఇక్కడే తప్పుతుంది. 2004 నాటి హోటల్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా కాండోను రోజుల లెక్కన, వారాల లెక్కన అద్దెకు ఇవ్వడం కుదరదు, నెల, అంతకు మించిన అద్దెలు మాత్రమే సురక్షితం. ఇంటర్నెట్టులో రోజు అద్దెల రాబడి చూపించి, దాన్ని పన్నెండు నెలలకు గుణించి చెప్పే లెక్కలన్నీ ఈ చట్టం ముందు నిలవవు. చాలా భవనాలు తమ సొంత నియమావళిలో కూడా రోజు అద్దెలను నిషేధించాయి. ఇక మూడేళ్లపాటు ఏడాదికి ఇంత శాతం అద్దె హామీ అన్న పథకాల్లో ఆ హామీ సొమ్ము సాధారణంగా అమ్మకం ధరలోనే కలిసి ఉంటుంది; అదే వీధిలో హామీ లేని యూనిట్ ధర అడిగి పోల్చుకుంటే తేడా బయటపడుతుంది.

రాబడి లెక్క ఇలా వేయండి. ఏడాదిలో పది నెలలే అద్దె వస్తుందనుకోండి. అందులోంచి నిర్వహణ రుసుము, ఏజెంటుకు ఇచ్చే ఒక నెల అద్దె, మరమ్మతులు, అద్దె మీద థాయ్ ఆదాయపు పన్ను తీసివేయండి. భవనాల అద్దెలో 30 శాతాన్ని ఖర్చుగా మినహాయించి, మిగిలినదాని మీద శ్లాబుల ప్రకారం పన్ను వేస్తారు. ఆస్తి పన్ను మాత్రం స్వల్పం: నివాసంగా వాడే కాండోకు 5 కోట్ల బాట్ల విలువ దాకా 0.02 శాతమే, అంటే 30 లక్షల బాట్ల యూనిట్‌కు ఏడాదికి 600 బాట్లు. ఇన్నీ పోగా మిగిలినది మన ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీకన్నా తక్కువగా తేలితే ఆశ్చర్యపోకండి. బాటు బలపడటం వల్ల వచ్చే లాభం వేరు, అది రాకపోవచ్చు కూడా. మీరు స్వయంగా ఉండటానికి కొంటున్నారా, రాబడి కోసం కొంటున్నారా అన్నది ఈ లెక్క చూశాక మళ్లీ ఒకసారి నిర్ణయించుకోండి.

రెండు దేశాల పన్నులు

భారత నివాసి తన ఆదాయపు పన్ను రిటర్నులోని విదేశీ ఆస్తుల షెడ్యూలులో ఈ కాండోను, థాయ్ బ్యాంకు ఖాతాను ప్రతి ఏడాది చూపించాలి, అద్దె రాకపోయినా సరే. చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద ఏడాదికి 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. తక్కువ విలువ గల విదేశీ ఆస్తులకు తరువాత ఇచ్చిన సడలింపు స్థిరాస్తికి వర్తించదు. థాయ్ అద్దె ఆదాయాన్ని ఇక్కడ కూడా చూపి, అక్కడ కట్టిన పన్నుకు రెండు దేశాల ఒప్పందం ప్రకారం మినహాయింపు కోరాలి, అందుకు అక్కడి పన్ను రసీదులు భద్రపరచాలి. రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద ఇక్కడ 12.5 శాతం దీర్ఘకాలిక మూలధన పన్ను ఉంటుంది.

క్యాలెండరు ఏడాదిలో 180 రోజులు థాయ్‌లాండ్‌లో గడిపినవారు అక్కడ పన్ను నివాసులవుతారు. 2024 జనవరి 1 నుంచి వారు బయటి దేశాల్లో సంపాదించి థాయ్‌లాండ్‌లోకి తెచ్చుకునే ఆదాయం కూడా అక్కడి పన్ను పరిధిలోకి వచ్చింది. హైదరాబాదు ఇంటి అద్దె, పింఛను తెప్పించుకొని అక్కడ బతికేవారు ఈ 180 రోజుల గీతను ముందే దృష్టిలో పెట్టుకొని ప్రయాణాలు నిర్ణయించుకోవాలి.

వీలునామా

ఈ పనిని వాయిదా వేసేవారే ఎక్కువ, వాయిదా వల్ల కష్టపడేది మిగిలిన కుటుంబం. థాయ్‌లాండ్‌లోని ఆస్తికి మాత్రమే వర్తించేలా థాయ్ భాషలో ఒక వీలునామాను అక్కడి న్యాయవాది చేత రాయించండి, దాని మాటలు భారతదేశంలో రాసిన వీలునామాను రద్దు చేసేలా ఉండకుండా చూడండి. కాండో వారసుడికి వచ్చినా, ఆ వారసుడు విదేశీ యాజమాన్యానికి కావలసిన అర్హతలు నెరవేర్చకపోతే ఏడాదిలోగా అమ్మవలసి ఉంటుంది. ఆ ఏడాది ఎంత త్వరగా గడిచిపోతుందో, తెలియని భాషలో కోర్టు కాగితాలు చేసుకుంటూ తిరిగే పిల్లలకే తెలుస్తుంది. అందువల్ల వీలునామా ప్రతిని, ఓ చో 2 నకలును, ఎఫ్ఈటీ పత్రాలను, థాయ్ న్యాయవాది ఫోను నంబరును, భవన నిర్వహణ కార్యాలయం చిరునామాను ఒకే ఫైలులో పెట్టి, ఆ ఫైలు ఏ అలమరాలో ఉందో మీ జీవిత భాగస్వామికి, పెద్ద బిడ్డకు ఈ వారంలోనే చూపించండి.